డిస్కో దరువు మీద మాల్కౌంస్

2012 ఏప్రిల్‌లో జర్మన్ బృందం క్రాఫ్ట్‌వెర్క్ న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియంలో 8 రాత్రులు, రాత్రికొక పాత ఆల్బమ్ చొప్పున వాయించింది. టిక్కెట్ల కోసం జనం ఎగబడ్డారు. ఇంచుమించు ఆ రోజుల్లోనే, డెబ్బై దాటిన ఒక ముంబయి పెద్దాయన కూడా యూరప్ వేదికలెక్కి ముప్పై ఏళ్ళ కిందటి తన రికార్డును వాయించడం మొదలుపెట్టారు. ఆయన పేరు చరణ్‌జిత్ సింగ్. మన దేశంలో ఆ పేరు విన్నవాళ్ళు అప్పటికి బహు కొద్దిమంది.

సింగ్‌గారు సినిమా వాద్యకారుడు. శంకర్–జైకిషన్ దగ్గర, ఆర్.డి.బర్మన్ దగ్గర గిటారు, బేస్, ట్రాన్సికార్డ్ అనే ఎలక్ట్రానిక్ అకార్డియన్ వాయించారు. తీరిక దొరికితే సొంత ఆర్కెస్ట్రాతో పెళ్ళిళ్ళకు వెళ్ళేవారు.

సిద్దిపేటవాళ్ళకు ఈ బాపతు కళాకారుడు కొత్తేమీ కాదు. బరాత్‌లో ప్యాడ్ బ్యాండ్ బండి మీద ఒక మూల కీబోర్డు మనిషి ఉంటాడు. తీన్మార్ సంగతి ప్యాడ్లవాళ్ళు చూసుకుంటారు. పాటలో గొంతు సాగే చోటు రాగానే ఇతని ఎడమచేతి బొటనవేలు పిచ్ చక్రాన్ని కొంచెం ముందుకు తోస్తుంది, స్వరం సాగుతుంది. ఎగిరేవాళ్ళలో ఎవరూ అది గమనించరు. వెంటనే ఇంకో పాట కావాలంటారు.

1982లో దేశమంతా డిస్కో మోత. 'డిస్కో డాన్సర్' వచ్చింది ఆ ఏడాదే. రెండేళ్ళు తిరక్కుండా తెలుగులో బాలకృష్ణ 'డిస్కో కింగ్' అయ్యారు. సింగ్‌గారికి వేరే ఆలోచన వచ్చింది. దరువు ఉంచి పాట తీసేశారు. తబలాను కూడా పక్కన పెట్టి పది రాగాలు వాయించారు. 'సింథసైజింగ్: టెన్ రాగాస్ టు ఎ డిస్కో బీట్' పేరుతో హెచ్‌ఎంవీ రికార్డు వేసింది. అమ్ముడుపోలేదు.

అందులో వాడినవి రోలాండ్ కంపెనీ సంగీత యంత్రాలు మూడు. రాగానికి జూపిటర్-8, దరువుకు టీఆర్-808, బేస్‌కు టీబీ-303. ఈ మూడోదాని కథే కథ. గిటారు సాధన చేసేవాళ్ళకు బేస్ తోడుగా ఉంటుందని కంపెనీ తయారు చేస్తే, కొనేవాళ్ళు లేక 1984 కల్లా ఆపేశారు. అది ఒకసారికి ఒక్క స్వరమే పలుకుతుంది. పదహారు గడులుంటాయి, ఏ గడిలో ఏ స్వరం, దేన్ని నొక్కి పలకాలి, ఏది పక్క స్వరంలోకి జారాలి అని ముందే నింపిపెట్టుకోవాలి. ఆ జారడం వింటే కర్ణాటక సంగీతం తెలిసిన చెవికి గమకం గుర్తొస్తుంది. రాగాలు కూడా మనకు పరాయివి కావు: భూపాలి అంటే మన మోహన, మాల్కౌంస్ మన హిందోళం, బైరాగి మన రేవతి.

2002లో ఎడో బౌమన్ అనే డచ్ సేకర్తకు ఢిల్లీలో ఈ రికార్డు దొరికింది. 2010లో మళ్ళీ విడుదల చేశాడు. అప్పుడు లోకం ముక్కున వేలేసుకుంది. 1987లో చికాగో బృందం ఫ్యూచర్ ఇదే 303తో 'ఆసిడ్ ట్రాక్స్' చేసి 'ఆసిడ్ హౌస్' అనే కొత్త సంగీతానికి తెరతీసింది. అలాంటి ధ్వనే ఐదేళ్ళ ముందు ముంబయిలో మోగిందన్నమాట! దాంతో ఆసిడ్ హౌస్‌కు పితామహుడు ఈయనేనన్న ప్రచారం సాగింది. ఆ కిరీటం ఆయనకు అక్కర్లేదు. చికాగో కుర్రాళ్ళు ఈ రికార్డు విన్నారనడానికి ఆధారమూ లేదు.

యూట్యూబులో ఆయన యూరప్ కచేరీలు చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. దరువునూ బేస్‌నూ యంత్రాలకు అప్పగించి, రాగాన్ని మాత్రం సింగ్‌గారు తన చేత్తోనే నడిపిస్తారు. ఆయన కనిపెట్టింది కొత్త ధ్వని అనేకంటే, స్టూడియోల్లోనూ పెళ్ళిపందిళ్ళలోనూ పండిన చేతికి దొరికిన కొత్త తోడు అనడమే న్యాయం.

మొదటినుంచీ చివరిదాకా ఒకే దరువు, విసుగు రాదా అని అడిగేవాళ్ళుంటారు. కొమురవెల్లి మల్లన్న జాతరలో పట్నం వారం నాడు ఒగ్గుడోలు విన్నవాళ్ళు మాత్రం ఆ మాట అనరు. దరువు మారకపోతేనే దాని మీద నడిచేది తేటగా వినిపిస్తుంది.

ఆ వేదికల వైభవం ఎన్నో ఏళ్ళు సాగలేదు. 2015 జులైలో, 74 ఏళ్ళ వయసులో, సింగ్‌గారు ముంబయిలో కన్నుమూశారు. రికార్డు మాత్రం ఇప్పుడు ఫోనులోనే దొరుకుతుంది. మొదట మాల్కౌంస్ వినండి. ఫోను స్పీకరులో మాత్రం వద్దు, 303 సగం వినిపించదు. ఇంట్లో బేస్ బాగా పలికే పెట్టె ఏదైనా ఉంటే దానికి తగిలించండి.