పాత బండి, పక్కా కాగితం

ఎద్దును కొనేటప్పుడు మా నాయన దాని నోరు తెరిపించి పళ్లు చూసేవాడు. ఎన్ని పళ్లు వేసింది, ఎంత అరిగినాయి అని చూసి వయసు చెప్పేవాడు. గిట్టలు, సుడులు, మూపురం అన్నీ చూసేవాడు. సంతలో బేరగాడు ఎంత పొగిడినా ఆ మాటలు చెవికెక్కించుకునేవాడు కాదు. మేం మొదటిసారి పాత డీజిల్ పికప్ కొన్నప్పుడు అదే నాయన బండి చుట్టూ రెండుసార్లు తిరిగి, "దీనికి పళ్లు యాడుంటాయిరా?" అని అడిగినాడు. అందరం నవ్వినాం. ఆ నవ్వు మాకు లక్షన్నర రూపాయలకు పైగా ఖర్చయింది.

మేం సుగాలీలం. ఇడుపులపాయకు దగ్గరగా, కొండవారన మా తాండా. ఇడుపులపాయ అంటే బయటివాళ్లకు ట్రిపుల్ ఐటీ గుర్తొస్తుంది. మాకు మాత్రం చీనీ చెట్లు, బుడ్డల చేను, ఎప్పుడు ఎండుతుందో తెలియని బోరు, వేంపల్లెకు పోయే దారి గుర్తొస్తాయి. మేం ముగ్గురు అన్నదమ్ములం. ఇద్దరం సేద్యంలో ఉన్నాం, ఒకరం డీఎడ్ చేసి బడిలో పిల్లలకు పాఠాలు చెబుతున్నాం. ఇంటి లెక్క మాత్రం ఒక్కటే.

మోత పని మా జాతికి కొత్త కాదు. మా పెద్దలు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని దేశాలు తిరిగినారు. ఆ పనిని మా గోర్‌బోలీలో లదేణి అంటాం. 1791-92లో టిప్పు సుల్తాన్ మీద యుద్ధానికి పోయిన కారన్‌వాలిస్ సైన్యానికి ధాన్యం చేర్చింది కూడా బంజారాల ఎద్దుల మందలే. రైళ్లు, రోడ్లు వచ్చినాక లదేణి పోయింది. ఊరూరి సరుకు మోసినవాళ్ల పిల్లలం, మా సొంత చీనీకాయలు మోయించుకోను బాడుగ కట్టే కాడికి వచ్చినాం. కాయ కోసినరోజు బండి దొరకదు. దొరికినా అడిగినంత ఇవ్వాల్సిందే. కోసిన కాయ చెట్టు కింద ఆగే కొద్దీ బరువు తగ్గుతుంది, రేటూ తగ్గుతుంది. అందుకే సొంత బండి ఉండాలనుకున్నాం.

మొదటి బండిని ప్రొద్దుటూరు వైపు చూసినాం. రంగు బాగుంది, టైర్లు బాగున్నాయి, సీటుకు కొత్త కవరు వేసినారు. అమ్మేవాళ్లు స్టార్ట్ చేసి చూపిస్తే ఇంజన్ గుమ్మున పలికింది. "కాగితాలు నెలలో మీ పేరుకు మారుస్తాం సార్" అన్నారు. మాలో బడిపంతులు ఉన్నాడు కాబట్టి ఆ "సార్" అన్న మాటకు మేం ఉబ్బిపోయినాం. ఆర్‌సీ జిరాక్సు చేతిలో పెడితే మడిచి జేబులో పెట్టుకున్నాం. చదవలేదు.

నాలుగో నెలలో చీనీకాయలతో పులివెందుల యార్డుకు పోతుంటే దారిలో బండిని ఆపినారు. ఆ బండి మీద ఫైనాన్స్ అప్పు ఇంకా తీరలేదట. వాళ్లు బండిని పట్టుకుపోయినారు. కాయల్ని రోడ్డు పక్కన ఎండలో దింపుకున్నాం. ఆ జిరాక్సు తీసి చూస్తే అప్పిచ్చినవాళ్ల పేరు ఇంగ్లీషులో స్పష్టంగా అచ్చయి ఉంది. అమ్మినవాళ్లు ఫోను ఎత్తలేదు. ఆ రాత్రి చేనిలో ఉన్న తమ్ముడు ఒకే మాట అన్నాడు: "మేం చదువుకోలేదు సరే. నువ్వు చదివినావు గదన్నా."

ఆ మాటకు జవాబు లేదు. పదేళ్లకు పైగా పిల్లలకు అక్షరాలు నేర్పుతున్న ఇంట్లో ఒక్క కాగితం చదివే నాథుడు లేకపోయినాడు. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే. మన తాండాల్లో, గూడేల్లో ఇప్పుడు చాలామంది పిల్లలు పాత బండ్ల వైపు చూస్తున్నారు. వాళ్లు మాలాగా రోడ్డు పక్కన నిలబడకూడదు.

రెండో బండికి రెండేళ్లు పట్టింది. ఈసారి బండిని కాదు, మా అవసరాన్ని ముందు చూసుకున్నాం. మేం మోసేది ఎంత? 50 కిలోల డీఏపీ బస్తాలు ఇరవై అయితే ఒక టన్ను. చీనీకాయలు ఒక దఫాకు టన్ను, టన్నుంపావు. టాటా ఏస్ లాంటి చిన్న బండి మోసేది సుమారు ముప్పావు టన్ను, అది మాకు చాలదు. అశోక్ లేలాండ్ దోస్త్, మహీంద్రా బొలెరో పికప్ మా లెక్కకు సరిపోతాయి. బొలెరోలోనే 1.3 టన్నులది, 1.7 టన్నులది అని రకాలున్నాయి. పేరు చూసి మోసపోకూడదు. ఆర్‌సీలో రెండు బరువులు రాసి ఉంటాయి. ఒకటి ఖాళీ బండి బరువు, రెండోది సరుకుతో కలిపి ఉండదగిన గరిష్ఠ బరువు. రెండోదానిలోంచి మొదటిది తీసేస్తే బండి మోయగల బరువు వస్తుంది. మూడో తరగతి తీసివేత లెక్క అది. ఆ గరిష్ఠ బరువు 3,000 కిలోలు దాటకపోతే సరుకు బండికి పర్మిట్ అక్కర్లేదు, దాటితే కావాలి.

లాగే పని గురించి మాకొక భ్రమ ఉండేది. పికప్ ఉంటే నీళ్ల ట్యాంకరును వెనక తగిలించుకుని చేనికి పోవచ్చు అనుకున్నాం. వేంపల్లె మెకానిక్ భాయ్ నవ్వి, "లాగేది ట్రాక్టర్ పని, మోసేది పికప్ పని. రెండూ దీంతో చేయిస్తే క్లచ్ పోతుంది, ఆ తర్వాత మీరు పోతారు" అన్నాడు. పికప్ వెనక ఖాళీగా ఉంటే చక్రాలకు పట్టు ఉండదు. జమ్మలమడుగు నల్లరేగడిలో వాన పడినాక అది ఉన్నచోటే తిరుగుతుంది. వెనక తగిలించే ట్రైలరుకు వేరే రిజిస్ట్రేషన్ కూడా ఉండాలి. అందుకే ట్యాంకరును పక్కింటి ట్రాక్టరుకే వదిలేసినాం. బురదలో దిగబడిన ఆటోను తాడేసి లాగడం వరకే మా బండి పని.

ఆ తర్వాత బండి ఇంతకు ముందు ఏం మోసిందో అడగడం నేర్చుకున్నాం. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు వైపు నాపరాళ్ల గనులున్నాయి. రాయి మోసిన బండి పైకి ఎంత మెరిసినా కింద అలిసిపోయి ఉంటుంది. మెకానిక్ భాయ్ మమ్మల్ని నేలమీద పడుకోబెట్టి చూపించినాడు. వెనక కమాను పట్టీలు తిరగబడి ఉన్నాయా, ఛాసిస్‌కు వెల్డింగు అతుకులు ఉన్నాయా, కొత్తగా పూసిన నల్లరంగు కింద ఏం దాచినారు అని చూడాలి. పాలు, కూరగాయలు మోసిన బండి కిలోమీటర్లు ఎక్కువ తిరిగినా నడుము గట్టిగా ఉంటుంది.

ఇంజన్ను పొద్దున్నే, చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించాలి. మనం పోయేసరికే బానెట్ వేడిగా ఉంటే, ముందే స్టార్ట్ చేసి దాచినారని అర్థం. నల్ల పొగ ఆగకుండా వస్తుంటే ఇంజెక్టర్లో, పంపులో లోపం ఉండొచ్చు. నీలి పొగ వస్తే ఇంజన్ ఆయిల్ కాలుతున్నట్టు. వేడెక్కినాక కూడా తెల్ల పొగ వస్తుంటే రేడియేటర్ నీళ్లు లోపలికి పోతున్నాయేమో చూడాలి. ఆయిల్ మూత తీస్తే అడుగున పాలనురుగు లాంటిది ఉంటే ఆ బండిని వదిలి రావాలి. 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్-6 బండ్లు పొగ తక్కువ వదులుతాయి. వాటిలో సెన్సార్లు ఎక్కువ, చెడితే కంప్యూటర్ పెట్టి చూడాలి. అంతకు ముందువాటిలో చాలా మరమ్మతులు మా భాయ్ చేయగలడు. అందుకే 2016 బండిని తీసుకున్నాం.

చివరికి కాగితాలు. ఈసారి అందరం కూర్చుని చదివినాం. ఆర్‌సీలో ఉన్న ఇంజన్, ఛాసిస్ నంబర్లు బండి మీద ఉన్నవాటితో కలిసినాయా? అప్పు గడిలో పేరుంటే, అప్పు తీరిందన్న ఎన్ఓసీ, ఫారం 35 ఉన్నాయా? ఫిట్‌నెస్ ఎంతవరకు ఉంది? ఎనిమిదేళ్ల లోపు సరుకు బండికి రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. ఎంపరివాహన్‌లో నంబరు కొట్టి బీమా, చలాన్లు చూసినాం. ఫారం 29, ఫారం 30 మీద మా ఎదురుగానే సంతకాలు తీసుకున్నాం. అమ్మినవాళ్లు 14 రోజుల్లో, కొన్నవాళ్లు 30 రోజుల్లో ఆర్టీఏకు తెలపాలని చట్టం చెబుతోంది. "నెలలో మారుస్తాం" అన్న మాట మీద మళ్లీ నమ్మకం పెట్టలేదు. పేరు మారినాకే చివరి పాతికవేలు ఇచ్చినాం.

డ్రైవింగ్‌కు కారు లైసెన్సు చాలుతుందా అని మన పిల్లలు అడుగుతుంటారు. 7,500 కిలోల లోపు సరుకు బండిని ఎల్‌ఎంవీ లైసెన్సుతో నడపొచ్చని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరు 6న తేల్చింది. ఇంకో మాట కూడా గట్టిగా చెప్పాలి. కాయ కోతలకు పోయే ఆడోళ్లను, పిల్లలను సరుకు బండి వెనక ఎక్కించుకోవడం మన దగ్గర మామూలైపోయింది. అది చట్టం ఒప్పని పని. బండి తిరగబడితే వాళ్ల కుటుంబాలకు బీమా డబ్బు వస్తుందన్న భరోసా లేదు. తోటివాళ్లు అడిగినప్పుడు కాదనడం కష్టం. మేం కూడా ఒకటి రెండుసార్లు ఎక్కించుకున్నాం. ఇప్పుడు కాదంటున్నాం, మాటలు పడుతున్నాం.

బండి వచ్చినాక నాయన మళ్లీ చుట్టూ తిరిగినాడు. ఆర్‌సీ చేతికిచ్చి, "పళ్లు ఇక్కడున్నాయి నాయనా" అన్నాం. ఆయన అక్షరాల మీద వేలుపెట్టి తడిమి, "నాకు కనపడవు, మీరు చూసినారా?" అన్నాడు. చూసినామన్నాం.

ఇప్పుడు మా బడిలో ఐదో తరగతి పిల్లలకు ఏడాదికొక రోజు నిజమైన కాగితాలు చదివిస్తున్నాం. కరెంటు బిల్లు, పట్టాదారు పాసుపుస్తకం, ఆర్‌సీ జిరాక్సు. పోయిన ఏడాది ఒక సుగాలీ పాప ఆర్‌సీలో ఒక గడి మీద వేలుపెట్టి, "సార్, బండి మనదైతే ఇక్కడ వేరేవాళ్ల పేరెందుకుంది?" అని అడిగింది. ఆ జిరాక్సు మా మొదటి బండిదే. పాప ప్రశ్నకు జవాబుగా, ఆ రోజు క్లాసులో మా కథంతా చెప్పినాం.