ఉల్లి రేటు, రైతు పాట్లు

మామిడి, పత్తి, మిర్చి వైపే చూసే మా తిరువూరులో ఉల్లి రైతు గోడు పెద్దగా వినబడదు. 2025లో కర్నూలు మార్కెట్లో రేటు పడిపోతే ప్రభుత్వం క్వింటా 1,200కి కొంది, అంటే కిలో 12 రూపాయలు. ఆ తర్వాత హెక్టారుకు 50,000 సాయం ప్రకటించింది. ఎకరానికి లెక్కేస్తే ఇరవై వేలు. నారు, కలుపు, కోత కూలి, గోనె సంచులు, లారీ బాడుగ... రేటు పడిందని ఇవేవీ తగ్గవు కదండీ! పైగా ఖరీఫ్ గడ్డ వానకి తడిస్తే నిల్వ ఉండదు, ఎంతొస్తే అంతకి వదిలించుకోవాల్సిందే. మహారాష్ట్ర రబీ ఉల్లి అయితే నాలుగైదు నెలలు ఆగుతుంది. మరి రేటు పెరిగితేనో? ఢిల్లీకి వెంటనే మెలకువ వస్తుంది. 2023 ఆగస్టులో ఎగుమతులపై 40 శాతం సుంకం, డిసెంబరులో ఏకంగా నిషేధం. నాలుగు డబ్బులొచ్చే వేళకే గేటు వేశారు.