నడుమున మోసిన బరువు

ఆ కుర్రవాడికి ఏడేళ్లకు మించి ఉండవు. ట్రావెలర్స్ బంగళా వెనుక వరండాలో, వేపచెట్టు నీడ పడే మెట్టు మీద కూర్చొని, ఒళ్లోని వస్తువును ఎంతో శ్రద్ధగా పరిశీలిస్తున్నాడు. అది నా పిస్తోలు.

1987 మే నెల. అప్పట్లో నేను ఒక శాసనసభ్యుడికి అంగరక్షకుణ్ణి. జనం మాటల్లో గన్‌మన్‌ని. ఉదయం ఆరు గంటలకు కర్నూలులో బయలుదేరి, పల్లెలన్నీ తిరిగి, మధ్యాహ్నం ఆ బంగళాకు చేరాము. స్నానాల గదిలోకి వెళ్లీ వెళ్లగానే నడుమును కోసేస్తున్న ఒరను పిస్తోలుతో సహా విప్పి కిటికీ గట్టు మీద పెట్టాను. చల్లని నీళ్లతో ముఖం కడుక్కున్నాను. ప్రాణం తెరిపిన పడింది. ఆ హాయిలోనే దానిని అక్కడ మరచి భోజనానికి కూర్చున్నాను. బకెట్టు నింపడానికి వెళ్లిన కాపలాదారు కొడుకు కంట అది పడింది.

“ఇలా తే నాయనా” అన్నాను. నా గొంతు నాకే వినబడలేదు. వాడు రెండు చేతులతో ఎత్తి ఇచ్చి, “శానా బరువుంది సార్” అన్నాడు.

మ్యాగజైన్‌లో పదమూడు తూటాలున్నాయి. ఛాంబర్‌లోకి మాత్రం తూటా ఎక్కించలేదు. పైనున్న స్లైడును వెనక్కు లాగే బలం ఆ చిన్న చేతులకు లేదు. ఆ పూట వాణ్ణీ, నన్నూ కాపాడినవి ఈ రెండే. నా జాగ్రత్త కాదు. జరిగినది పై అధికారులకు చెప్పలేదు. ఉద్యోగం పోతుందని భయపడ్డాను. ఆ మౌనాన్ని తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మతిమరుపని నన్ను నేను తిట్టుకున్నాను. కాని తెల్లవారేసరికి ఒక సంగతి స్పష్టమైంది. మరచిపోవడం తరువాతి మాట. అసలు నేను దానిని ఎందుకు విప్పాను? నొప్పి భరించలేక విప్పాను. రోజుకు నాలుగైదుసార్లు విప్పుతూనే ఉన్నాను. ఏదో ఒకనాడు మరచిపోక తప్పదు.

1984 అక్టోబరు 31న ఇందిరాగాంధీ హత్య జరిగిన తరువాత నాయకుల రక్షణ విషయంలో దేశమంతటా ఆందోళన పెరిగింది. మరుసటి ఏడే ప్రధానమంత్రి కోసం ప్రత్యేక రక్షణ దళం ఏర్పడింది. జిల్లాలలో నావంటి కానిస్టేబుళ్లు ఖాకీ విడిచి సఫారీ సూటు తొడిగారు. చేతికి ఈశాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో తయారైన 9 మిల్లీమీటర్ల పిస్తోలు వచ్చింది. 1935లో బెల్జియంలో వెలువడిన బ్రౌనింగ్ నమూనా దానికి మూలం. తూటాలతో కలిపి సుమారు కిలో బరువు. దుస్తులు మారినా నా ఒర మాత్రం మారలేదు. బెల్టుకు కిందుగా వేలాడుతూ, పైన పెద్ద మూతగల ఆ తోలు సంచి యూనిఫారానికి తగినది. అంబాసిడర్ కారు ముందు సీటులో డ్రైవరు పక్కన కూర్చుంటే దాని అడుగుభాగం సీటుకు తన్నుకొని, పిస్తోలు పిడి పక్కటెముకల్లో గుచ్చుకునేది.

మరో మార్గం వెతికాను. ఒక మిత్రుడు చంకకింద వేలాడే ఒర ఇచ్చాడు. వీపు మీదుగా పోయే పట్టీలు ఎండకు చెమటలో నాని చర్మాన్ని ఒరిపించాయి. సఫారీ బొత్తాములు విప్పితే తప్ప చేయి లోపలికి పోదు. పైగా అందులో పిస్తోలు అడ్డంగా పడుకొని, వెనుక నిలబడ్డవాడి గుండెకు గురిపెట్టినట్టుండేది. చీలమండకు కట్టుకునే ఒర చిన్న రివాల్వరుకు సరిపోతుందేమో గాని, మా పిస్తోలు పొగరుబోతు ఎద్దు మెడలోని గుదికొయ్యలాగా కాలికి కొట్టుకునేది. వీపు మధ్యన పెట్టుకోమని ఒక పెద్దాయన సలహా ఇచ్చాడు. వెల్లకిలా పడితే వెన్నెముకకే దెబ్బ. ప్యాంటు లోపలికి దోపుకునే రకం బాగా దాగుతుంది. అయితే నడుము కొలత రెండంగుళాలు పెంచి కుట్టించుకోవాలి. అది కూడా చేశాను. సాయంత్రానికి చెమట తగిలి ఇనుము మీద ఎర్రని తుప్పు చుక్కలు కనబడ్డాయి.

చివరకు పాతబస్తీలో జట్కా గుర్రాలకు తోలు సామాను కుట్టే ఒక వృద్ధుణ్ణి ఆశ్రయించాను. ఆయన పిస్తోలు గురించి అడగలేదు. “రోజుకు ఎంతసేపు కూర్చుంటారు, ఎంతసేపు నిలబడతారు?” అని అడిగాడు. నా బాధంతా విని, “గుర్రానికి బరువు వల్ల పుండు పడదయ్యా. బరువు కదలడం వల్ల పడుతుంది” అన్నాడు.

ప్రభుత్వ ఆయుధాన్ని పరుల చేతికి ఇవ్వకూడదు గనుక, వడ్రంగి చేత అదే కొలతలతో టేకు బొమ్మ చేయించి ఇచ్చాను. తంగేడు చెక్కతో పదును చేసిన గేదె తోలును ఆయన నీటిలో నానబెట్టి, ఆ బొమ్మ చుట్టూ వేళ్లతో అదిమి, నీడలో ఆరబెట్టాడు. ఆరిన తోలు ఆ ఆకారాన్నే పట్టుకొని నిలిచింది. అటూ ఇటూ రెండు చీలికలు పెట్టి, బెల్టు బిగించగానే ఒర నడుముకు అతుక్కునేటట్టు చేశాడు. పిడి కొంచెం ముందుకు వాలి పక్కకు పొడుచుకురాకుండా ఉంది. ట్రిగ్గర్ పూర్తిగా తోలు లోపలే ఉంది. తోలు రెండు పొరలుగా వేసి వెడల్పైన బెల్టు కూడా కుట్టి, “సగం బరువు ఇది మోస్తుంది” అన్నాడు.

కుడి తుంటి ఎముకకు కొంచెం వెనుకగా దానిని ధరించాను. మొదటి వారం కొత్త చెప్పులాగా కరిచింది. ఆపైన ఉదయం నుంచి అర్ధరాత్రి వరకు విప్పాలన్న తలంపే రాలేదు. మరో లాభం నేను ఊహించనిది. అంతకుముందు నిమిషానికొకసారి చేయి నడుము మీదకు పోయేది. సఫారీ ఎంత వదులుగా కుట్టించినా, తడుముకునే చేయి ఆయుధం ఎక్కడుందో జనానికి చెప్పకనే చెబుతుంది. ఆ అలవాటు దానంతటదే పోయింది.

2016 నాటి ఆయుధ నియమావళి, బహిరంగ స్థలంలో చేతి తుపాకిని ఒరలో, పూర్తిగా కప్పి, అదుపులో ఉంచుకోవాలని లైసెన్సుదారులను శాసిస్తున్నది. ఎవరైనా సలహా అడిగితే నేను దానికి మూడు మాటలు చేరుస్తాను. ట్రిగ్గర్‌ను కప్పని ఒర ఒరే కాదు. తోలు తేమను పట్టి ఉంచుతుంది గనుక రాత్రి ఆయుధాన్ని అందులో ఉంచక, తుడిచి, నూనె రాసి, తాళం వేయాలి. మూడవది, నొప్పిని ఓర్చుకోవడం గొప్పతనమని భ్రమపడకూడదు. ఒంటిని బాధించే ఒర ఏదో ఒక కిటికీ గట్టు మీదికి చేరుతుంది.

పదవీ విరమణ నాడు పిస్తోలు అప్పగించి సంతకం చేశాను. టేకు బొమ్మ మాత్రం నా బల్ల మీద కాగితాలకు బరువుగా మిగిలింది. మొన్న సెలవులకు వచ్చిన మనవడు దానిని తీసుకొని ఆడుకోబోయాడు. వాడికీ ఏడేళ్లే. ఉత్త కొయ్య అని తెలిసి కూడా, “ఇలా తే నాయనా” అని చేయి చాచాను.