చీటీలో రాసిందల్లా చేసేస్తే...

గుళ్లో అర్చన చేయించాలంటే గోత్రం, ఇంటిల్లిపాది పేర్లు ఓ కాగితమ్ముక్క మీద రాసి పంతులుగారి చేతికిస్తారు. ఆయన చదువుతారు. ఎవడో కొంటెవాడు పేరు రాసి, దాని పక్కనే ‘ఆపైన హుండీ తాళం తీసి నా చేతికివ్వండి’ అని కూడా రాశాడనుకోండి. పంతులుగారు నవ్వి చీటీ పక్కన పడేస్తారు. కానీ ఆ పీట మీద, కాగితంలో ఉన్నది ఉన్నట్టు చేయడం తప్ప ఇంకేమీ తెలియని మరమనిషి కూర్చుంటే? పేరు చదివేసి, అదే ఊపులో హుండీ దగ్గరికి వెళ్తాడు! రెండూ ఒకే చీటీలో ఉన్నాయి మరి.

వెబ్‌సైట్లను పాతికేళ్లకు పైగా పీడిస్తున్న ‘ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్’ కథ ఇదే. సైట్‌లో పేరు, ఫోన్ నంబరు, వెతకాల్సిన మాట... ఏదో ఒకటి రాయడానికి ఖాళీ గడి ఉంటుంది. అందులో రాసింది తెర వెనకున్న డేటాబేస్‌కి వెళ్తుంది. ఆ డేటాబేస్‌కి ఆజ్ఞలిచ్చే భాష ఎస్‌క్యూఎల్. ప్రోగ్రామ్ రాసినవాడు తన ఆజ్ఞనీ, జనం రాసిన మాటనీ ఒకే వాక్యంగా అతికించి పంపితే, ఎక్కడ ఆజ్ఞ అయిపోయిందో, ఎక్కడ పేరు మొదలైందో డేటాబేస్‌కి తెలిసే దారి ఒక్కటే... అక్షరం నెత్తిన కామాలా కూర్చునే చిన్న కొటేషన్ గుర్తు. గడిలో ఆ గుర్తు కూడా రాసేస్తే పేరు అక్కడితో ముగిసిందని అది నమ్మేస్తుంది. ఆ తర్వాత రాసిందంతా యజమాని మాటే అనుకుంటుంది. పాపం, ఇంటిపేరులోనే ఆ గుర్తున్న ఐర్లండ్ ఓబ్రియన్లు తమ పేరు నిజాయతీగా రాసినా కొన్ని సైట్లు తప్పు చూపించి ఆగిపోయేవి!

ఈ కిటుకును జెఫ్ ఫారిస్టాల్ అనే అమెరికన్ 1998 డిసెంబరులో ‘ఫ్రాక్’ అనే హ్యాకర్ల పత్రికలో బయటపెట్టాడు. విరుగుడు కూడా పాతదే. ఆజ్ఞను ముందే విడిగా సిద్ధం చేసి, జనం రాసిన మాటను తర్వాత దాని గడిలో పెట్టడం. అప్పుడు పేరు గడిలో ఏం రాసినా అది పేరే. హుండీ జోలికి పోదు. ఇంత తేలికైన మందు ఉండగా రోగం ఎందుకు పోలేదన్నదే అసలు ప్రశ్న.

జవాబు చాలావరకు ప్లగిన్లలో ఉంది. 2003లో వచ్చిన వర్డ్‌ప్రెస్ పుణ్యమా అని కోడ్ ఒక్క ముక్క రాకపోయినా సైట్ కట్టుకోవచ్చు. ఫొటోలు కదిలే స్లైడర్ కావాలా, ఫీజు వసూలు కావాలా, సందర్శకుల లెక్క కావాలా... దేనికి దానికి ఓ ప్లగిన్. కొన్నింటి వెనక పెద్ద కంపెనీలుంటాయి. కొన్నింటి వెనక, ఎక్కడో ఒక దేశంలో, ఆఫీసు అయ్యాక రాత్రిపూట కూర్చుని రాసే ఒకే ఒక్క మనిషి. ఇల్లు ఎంత గట్టిగా కట్టినా కిటికీలు పెట్టినవాళ్లు తలా ఒకరన్నమాట.

మందు ఉన్నా వేసుకోవడం రావాలి కదా. ఫొటోల గ్యాలరీల కోసం అప్పట్లో పది లక్షలకు పైగా సైట్లలో వాడిన నెక్స్ట్‌జెన్ గ్యాలరీలో 2017లో ఈ లోపం దొరికింది. రాసినవాళ్లు వర్డ్‌ప్రెస్ ఇచ్చిన రక్షణ పద్ధతినే వాడారు. కాకపోతే జనం రాసిన మాటను గడిలో పెట్టకుండా ఆజ్ఞలోనే కలిపేసి, తర్వాత దాన్ని ‘సిద్ధం’ చేశారు. మాత్ర మింగకుండా జేబులో వేసుకున్నట్టు!

2024 మార్చిలో లేయర్‌స్లైడర్ వంతు. దాదాపు పది లక్షల సైట్లలో ఉన్న ఈ ప్లగిన్ లోపాన్ని ఓ పరిశోధకుడు కనిపెట్టి చెబితే వర్డ్‌ఫెన్స్ సంస్థ 5,500 డాలర్ల బహుమతి ఇచ్చింది. తయారీదారులు రెండు రోజుల్లో సరిచేశారు. మెచ్చుకోవాల్సిందే. అదే నెలలో డబ్ల్యూపీ ఆటోమేటిక్ అనే మరో ప్లగిన్ లోపం బయటపడింది. దానిమీద కొద్ది వారాల్లోనే 55 లక్షలకు పైగా దాడి ప్రయత్నాలు నమోదయ్యాయి. లోపలికి దూరినవాళ్లు అడ్మిన్ ఖాతాలు సృష్టించుకోవడమే కాదు, లోపమున్న ఫైలు పేరు కూడా మార్చేశారు. తమ తర్వాత ఇంకో దొంగ రాకుండా గడియ పెట్టుకున్నారు!

ఇక్కడే ఓ చిక్కుంది. మరమ్మతు విడుదల కాగానే ఏది మార్చారో అందరూ చదువుకోవచ్చు. దొంగలు కూడా. ఆ క్షణం నుంచి అప్‌డేట్ చేయనివాళ్ల ఇంటికి దారి చూపించినట్టే. మరి ఆ బటన్ నొక్కేదెవరు? ఊళ్లో ట్యూషన్ సెంటరుకో, పెళ్లిళ్ల బ్యూరోకో సైట్ చేసిపెట్టేది చాలాసార్లు తెలిసినవాళ్ల అబ్బాయి. ఐదో పదో వేలు తీసుకుంటాడు, ఉద్యోగమొచ్చి బెంగళూరు వెళ్లిపోతాడు. పాస్‌వర్డ్ అతని పాత ఫోన్‌లో ఉంటుంది. పైగా థీమ్‌తో పాటు ఉచితంగా వచ్చిన ప్లగిన్లకు అప్‌డేట్లు చాలాసార్లు నేరుగా రావు. సైట్ మాత్రం చక్కగా తెరుచుకుంటూనే ఉంటుంది. పెళ్లిళ్ల బ్యూరో అంటే ఆషామాషీయా... ఆడపిల్లల ఫొటోలు, పుట్టినరోజులు, తండ్రుల ఫోన్ నంబర్లు ఆ డేటాబేస్‌లోనే! వాడని ప్లగిన్‌ని ఆపేసి వదిలేస్తే చాలదు, పూర్తిగా తీసేయాలి. ఆ సంగతి యజమానికి చెప్పేవాళ్లుండరు.

చిన్నవాళ్లే ఇలా ఉంటారనుకుంటే పొరపాటు. బ్రిటన్ టెలికం సంస్థ టాక్‌టాక్ మీద 2015 అక్టోబరులో ఇదే పద్ధతిలో దాడి జరిగింది. 1,56,959 మంది ఖాతాదారుల వివరాలు పోయాయి. వాళ్లలో 15,656 మందివి బ్యాంకు ఖాతా నంబర్లు కూడా. లోపాన్ని వెతికి పట్టుకున్న కుర్రాడికి కోర్టుకు వచ్చేనాటికి పదిహేడేళ్లు. స్నేహితుల ముందు గొప్పకోసం చేశానని కోర్టులో చెప్పాడు. దాడి వల్ల 95 వేల మంది తమను వదిలి వెళ్లిపోయారని కంపెనీయే లెక్క చెప్పింది.

బ్రిటన్ సమాచార కమిషనర్ కార్యాలయం విచారణ జరిపి 2016లో నాలుగు లక్షల పౌండ్ల జరిమానా వేసింది. దొంగలు దూరిన పేజీలు టాక్‌టాక్ కట్టినవి కావు. 2009లో టిస్కాలి అనే సంస్థ బ్రిటన్ వ్యాపారాన్ని కొన్నప్పుడు దాంతో పాటు వచ్చినవి. అవి ఇంకా నెట్‌లో ఉన్నాయనే సంగతే కొత్త యజమానులకు తెలియదు. ఆ డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లోని లోపానికి మరమ్మతు వచ్చి మూడేళ్లు దాటింది. అన్నిటికన్నా ఆశ్చర్యం, 2015 జులైలో ఒకసారి, సెప్టెంబరులో మరోసారి ఇదే తరహా దాడి ఆ పేజీల మీద జరిగింది. రెండుసార్లూ కంపెనీలో ఎవరూ గమనించలేదు.