తానీషా మంచివాడా, చెడ్డవాడా?

గోల్కొండ కోట గెలవడానికి ఔరంగజేబుకి 1687లో ఎనిమిది నెలలు పట్టింది. ఏడో తరగతి పిల్లలు నలభై ఇద్దరిని అదే కోట ఎక్కించి దింపడానికి మా బడివాళ్ళు మాకిచ్చింది ఒక్క పూట! ఆ పాదుషాగారికి ఫిరంగులున్నాయి గానీ, పులిహోర డబ్బా మూత రాలేదనీ, చెప్పు తెగిందనీ నిమిషానికోసారి కొంగు పట్టుకు లాగే సైన్యం లేదు కదా!

బాలాహిసార్ దర్వాజా దగ్గర నిలబడి చప్పట్లు కొడితే కొండమీదికి వినిపిస్తాయని చెప్పడమే ఆలస్యం, నలభై ఇద్దరూ ఒక్కసారే మొదలెట్టారు. "అమ్మా, ఒక్కళ్ళు కొడితే కబురు. ఇందరు కొడితే గోల!" అన్నాడు గైడు. అందరూ నోళ్ళు మూసుకున్నాక ఒక్క అమ్మాయి కొట్టింది. ముందే పైకెక్కిన డ్రిల్లు మాస్టారు అక్కణ్ణించి జేబురుమాలు ఊపారు. పిల్లల మొహాలు చూడాలి!

ఏనుగులు కుమ్మకుండా తలుపులకి దిగ్గొట్టిన ఇనప మేకులు, నీళ్ళు పైకెక్కించిన మట్టి గొట్టాలు అన్నీ చూసుకుంటూ రామదాసు బందిఖానాకి వచ్చాం. ఆ చీకటిగదిలో, గోడమీద చెక్కిన దేవుళ్ళ బొమ్మలు చూసేసరికి అల్లరంతా సద్దుమణిగింది.

"టీచర్, తానీషా చెడ్డవాడా?" అంది ఒక పిల్ల.

దాని పక్కన, రోజూ దానితో క్యారియరు పంచుకు తినే సాయిబుల అమ్మాయి తల వంచేసుకుంది. నా గుండె గుభేలుమంది. 'అవును' అన్నా, 'కాదు' అన్నా ఇంటికెళ్ళేటప్పుడు బస్సులో ఈ ఇద్దరూ చెరో కిటికీ దగ్గరా కూర్చుంటారేమో!

అందుకని కథంతా చెప్పాను. కంచర్ల గోపన్న తహసీల్దారు. సర్కారు శిస్తుతో భద్రాద్రి గుడి కట్టించాడని తానీషా ఖైదు చేయించాడు. ఆ తానీషా కొలువులోనే ప్రధాని మాదన్న. గోపన్నకి స్వయానా మేనమామ అంటారు. రాములవారి కల్యాణానికి ముత్యాల తలంబ్రాలు పంపే ఆనవాయితీ కూడా తానీషా పెట్టిందే అంటారు. ఆయన మీదికి దండెత్తి వచ్చిందీ ముసల్మాను పాదుషాయే. ఫిరంగులకి లొంగని కోట తలుపు రాత్రివేళ తీయించింది లోపలి మనిషి. ఒళ్ళంతా గాయాలైనా తానీషాని విడవకుండా పోరాడిన అబ్దుర్ రజాక్ లారీ కూడా లోపలి మనిషే.

"అయితే టీచర్, పరీక్షలో ఏం రాయాలి?" అన్నాడు వెనకనించి ఒక ఘనుడు.

"జరిగిందంతా రాయి నాయనా. మార్కులు వేసేది నేనేగా!" అన్నాను.

మూడువందల అరవై పైచిలుకు మెట్లు. నా మోకాళ్ళు ప్రతి మెట్టునీ పేరుపేరునా పలకరించాయి. పైన ఒకపక్క మసీదు, ఒకపక్క అమ్మవారి గుడి. ఏటా ఆషాఢంలో బోనాలు మొదలయ్యేది ఈ కోటలోనేనని చెప్పాను. చల్లటి గాలికి ఎవరూ వినిపించుకోలేదనుకోండి.

తిరిగొచ్చి బస్సులో తలకాయలు లెక్కపెడితే నలభై ఒకటే! నా ప్రాణాలు పైనే పోయాయి. మళ్ళీ లెక్కపెడుతూ వెనక సీటు దాకా వెళ్ళాను. సాయిబుల అమ్మాయి వేలు పెదవిమీద పెట్టి 'ఉష్' అంది. ప్రశ్న అడిగిన పిల్ల దాని ఒళ్ళో తలపెట్టుకుని ఆదమరిచి నిద్రపోతోంది.