చెలికత్తె వేషం నుంచి బామ్మ దాకా

భాషాప్రవీణకు చదివే రోజుల్లో నాయికకు దూతికలుగా పనికివచ్చే స్త్రీలెవరో మా చేత వల్లె వేయించేవారు. దాసి, సఖి, దాది కూతురు, పొరుగింటి ఇల్లాలు, సన్న్యాసిని, శిల్పకారిణి. ధనంజయుడి దశరూపకంలో ఉందీ పట్టిక. అందులో తల్లి లేదు. బామ్మ అసలే లేదు. కబురు మోసుకెళ్ళేవారికే గాని, ఇంట్లో కూర్చుని కబురు కోసం ఎదురుచూసేవారికి అక్కడ చోటు లేదన్నమాట. పరీక్షకు చదివినప్పుడు ఇదొక లోపమని తోచలేదు. ఎన్నో ఏళ్ళ తరువాత నిర్మలమ్మగారి జీవితం గురించి చదువుతుంటే ఆ పట్టిక జ్ఞాపకం వచ్చింది. ఆమె వెండితెర మీద మొదట వేసింది సఖి వేషమే. 1943లో ఘంటసాల బలరామయ్యగారు తీసిన 'గరుడ గర్వభంగం'లో రుక్మిణికి చెలికత్తె. ఆ తరువాత జీవితమంతా ఆమె ఆ పట్టికలో లేని పాత్రలే పోషించింది.

'క్యారెక్టర్ నటి' అన్న మాటకు మనవాళ్ళు 'గుణచిత్ర నటి' అని తెలుగు చేశారు. తెలుగు అనడం మర్యాదకే, రెండూ సంస్కృతమే కదా! అయినా నాకా మాట ఇష్టమే. నాయికకు రూపం ఉంటే చాలు, తక్కినవారికి గుణం కూడా ఉండాలని ఒప్పుకున్నట్టుంది.

నిర్మలమ్మగారిది బందరు. అసలు పేరు రాజమణి. బందరంటే కలంకారీ, లడ్డూ, తుపాను అనుకునేవారికి ఒక మాట మనవి చేయాలి. చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారు పాఠం చెప్పిన ఊరది. పింగళి నాగేంద్రరావుగారు ఇండియన్ డ్రమెటిక్ కంపెనీకి నాటకాలు రాసిందీ అక్కడే. దక్షిణాది సినిమాకు ఆద్యుడనిపించుకున్న రఘుపతి వెంకయ్యగారు పుట్టిందీ అక్కడే. అటువంటి ఊళ్ళో పుట్టిన పిల్లకు నాటకపు గాలి సోకడంలో వింత లేదు. గాలి సోకినా రంగస్థలం ఎక్కడమే వింత. ఎందుకంటే ఆడపాత్రలు మగవారివిగా చెల్లిన కాలమది. ఇదే డెల్టాలోని బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావుగారు సత్యభామ వేషం వేస్తే ఆడవారు సైతం ఆ నడకను చూసి ముచ్చటపడేవారని పెద్దలు చెప్పుకునేవారు. 1956లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆయన ప్రతిభను తక్కువ చేసే సాహసం నాకు లేదు. కాని ఆ కీర్తికి మరో పక్క కూడా ఉంది. ఆడది ఆడదానిగా నటిస్తే అపకీర్తి, మగవాడు ఆడదానిగా నటిస్తే కళ! ఆ అపకీర్తి భయాన్ని దాటి వచ్చినవారిలో సురభి స్త్రీలున్నారు, ప్రజానాట్యమండలి స్త్రీలున్నారు, నిర్మలమ్మగారి వంటివారున్నారు.

'కరువు రోజులు' అనే నాటకంలో ఆమె నటన చూసి పృథ్వీరాజ్ కపూర్ మెచ్చుకున్నారని ఆమె గురించి రాసిన వారందరూ చెబుతారు. నాకు ఆ మెప్పు కంటే ఆ నాటకం పేరే ఆసక్తి కలిగిస్తుంది. అది పద్యనాటకం కాదు, సాంఘికం. పద్యనాటకంలో నటుడి గొంతు ఆఖరి వరస దాకా వెళ్ళాలి. రాగం తీయాలి, వన్స్ మోర్ అంటే మళ్ళీ తీయాలి. అందులో ఆరితేరినవారు సినిమాకు వచ్చాక కూడా మామూలు మాటను చివర సాగదీస్తారు. ఆ అలవాటు ఒక పట్టాన పోదు. సాంఘిక నాటకం అలా కాదు. అన్నం లేదు అన్న మాట అన్నం లేనివాళ్ళు అన్నట్టే అనాలి. నిర్మలమ్మగారి మాటలో చివరిదాకా కనిపించిన ఆ ఇంటి స్వరం సాంఘికాల నుంచే వచ్చిందని నా ఊహ.

ఇక్కడ మరొక మనిషిని తీసుకురావాలి. గుడివాడ దగ్గర రామాపురంలో పుట్టిన అక్కినేని నాగేశ్వరరావుగారు కూడా నాటకాలతోనే మొదలుపెట్టారు. అందులోనూ ఆడవేషాలతో. బెజవాడ రైలుస్టేషన్లో ఆ కుర్రవాణ్ణి చూసి, 1944లో విడుదలైన 'శ్రీ సీతారామ జననం'లో రాముడి వేషమిచ్చినది ఎవరనుకున్నారు? ఆ ఘంటసాల బలరామయ్యగారే. ఏడాది తేడాలో ఒకే దర్శకుడి చేతిమీదుగా కృష్ణాజిల్లా నుంచి ఇద్దరు తెర మీదికి వచ్చారు. ఆడవేషాలు వేసిన అబ్బాయి రాముడయ్యాడు. ఆడవేషం వేసే నిజమైన ఆడపిల్ల రుక్మిణి పక్కన నిలబడింది.

తరువాతి కథ మీకు తెలిసిందే. పద్దెనిమిదేళ్ళు గడిచాక 1962లో ప్రత్యగాత్మగారి 'కులగోత్రాలు' వచ్చింది. అందులో అక్కినేని కథానాయకుడు, నిర్మలమ్మగారు ఆయనకు తల్లి. ఇద్దరి వయసుల మధ్య ఎడం లోకంలో ఏ తల్లికీ కొడుక్కీ సరిపోయేది కాదు. ఆయన ఆ తరువాత కూడా చాలాకాలం ప్రేమగీతాలు పాడారు. ఆమె మాత్రం మళ్ళీ వెనక్కి రాలేదు. తల్లి నుంచి అత్తగారు, అత్తగారి నుంచి బామ్మ.

ఒక్కరి విషయమే అయితే దురదృష్టం అనుకుని ఊరుకోవచ్చు. బెజవాడలో పుట్టిన ఋష్యేంద్రమణిగారి సంగతి చూడండి. 1935లో 'శ్రీకృష్ణ తులాభారం'లో ఆమె సత్యభామ, అంటే కథ మొత్తం తన చుట్టూ తిరిగే నాయిక. 1957 నాటికి 'మాయాబజార్'లో సుభద్ర, అభిమన్యుడి తల్లి. ఆ అభిమన్యుడు ఎవరో చెప్పనక్కరలేదు కదా, అక్కినేనివారే! ఆయనను నేను తప్పుపట్టడం లేదు. ఆయన అభిమానుల్లో నేనూ ఒకణ్ణి. సినిమా గడియారంలో ఆడవారికొక ముల్లు, మగవారికొక ముల్లు ఉంటాయంటున్నానంతే. 1975లో దాసరిగారి 'స్వర్గం నరకం'లో కథానాయికగా పరిచయమైన అన్నపూర్ణగారికి కూడా ఆ ముల్లు వేగంగానే తిరిగింది. నాయిక అన్నది మరిచిపోయి ఆమెను అమ్మగా, ఇప్పుడు బామ్మగా చూస్తున్నాం.

సరే, అన్యాయం అంటూ కూర్చుంటే నిర్మలమ్మగారికి న్యాయం జరగదు. ఇచ్చిన మూలనే ఆమె ఇల్లు కట్టుకుంది. ఆ ఇల్లు ఎలాంటిదో చెప్పాలంటే భాష దగ్గరికి రావాలి. అది నా వృత్తి కూడాను.

'నీ దుంప తెగ' అన్న మాట ఉంది. నిఘంటువు చూసి అర్థం చెబితే ఘోరమైన శాపం. వంశమూలమే తెగిపోవాలని కదా! కాని మా ప్రాంతంలో ముసలమ్మలు ఆ మాటను మనవడి బుగ్గ పుణుకుతూ అంటారు. 'చచ్చినోడా' అని పిలిచి నోట్లో గోరుముద్ద పెడతారు. ఈ మాటకు అర్థం అక్షరాల్లో లేదు, స్వరంలో ఉంది. ముత్యాలముగ్గు అక్షరాలతో రాసి చూపించినా పరాయివాడికి బోధపడదు. ముప్ఫై ఏళ్ళకు పైగా తరగతి గదిలో వ్యాజస్తుతి బోధించిన నాకు, ఇటువంటి వ్యాజనిందకు ఉదాహరణ ఏ కావ్యంలోనూ ఇంత తేటగా దొరకలేదు. ఆ స్వరం తెలిసిన నటి నిర్మలమ్మగారు. కాస్త జీరగా, ముక్కుతో కొంచెం సాగదీసినట్టుండే ఆ గొంతులో తిట్టు తిట్టులా వినిపించదు. దీవెన మాత్రం ఒక్కోసారి బెదిరింపులా వినిపిస్తుంది. ఇంటి పెద్దామె దీవెన ఎప్పుడూ కొంచెం బెదిరింపే!

'స్వాతిముత్యం' (1986) చూసినవారికి నేను చెప్పేది సులువుగా అర్థమవుతుంది. లోకం తెలియని శివయ్యకు అండగా నిలిచిన బామ్మ ఆమె. ఆ చిత్రంలో కమల్ హాసన్ నటన గురించి ఎంతో రాశారు. రాయవలసిందే. కాని అటువంటి మనిషిని ఇన్నాళ్ళూ ఎవరో ఒకరు కడుపులో పెట్టుకుని చూసుకున్నారని మనం నమ్మకపోతే శివయ్య పాత్రే నిలవదు. ఆ నమ్మకం కలిగించడమే ఆమె పని. ఆ పని జరుగుతున్నట్టు కూడా మనకు తెలియదు. విశ్వనాథ్ గారు ఆమెను 'శంకరాభరణం' (1980)లోనూ వాడుకున్నారు. 'మయూరి'లో బామ్మ పాత్రకు ఆమెకు నంది పురస్కారం వచ్చింది. ఇక 1991 నాటి 'గ్యాంగ్ లీడర్'లో చిరంజీవితో పోటీపడి మాటలు విసిరే నాయనమ్మ సంగతి మా విద్యార్థులను అడగాలి. నా శబ్దపల్లవాలు ఒక్కరికీ పట్టుబడలేదుగాని, ఆ సంభాషణలు వరుస తప్పకుండా అప్పజెప్పేవారు.

అన్నీ అంత బాగున్నాయని అనను. తరువాతి కాలంలో కొన్ని చిత్రాల్లో బామ్మ చేత కుర్రకారు మాటలనిపించి నవ్వించడం పరిపాటి అయింది. ముసలితనమే ఒక పరిహాసమన్నట్టు. ఆ మాటలు నాకు రుచించలేదు. రాసినవారికి ఇంట్లో ఒక ముసలమ్మ ఉండి ఉంటే అలా రాసేవారు కాదేమో.

ముసలి వేషం అంటే ఎంత చిన్నచూపో నేను దగ్గరగా చూశాను. 80ల చివర్లో దివిసీమలో ఒక ఉన్నత పాఠశాలలో పనిచేసేవాణ్ణి. వార్షికోత్సవానికి ఒక అత్తాకోడళ్ళ నాటిక వేయిద్దామనుకున్నాం. కోడలి వేషానికి ఏడుగురు ఆడపిల్లలు పోటీ. అత్తగారి అత్తగారు అనే ముసలమ్మ వేషానికి ఒక్కరూ లేరు. చివరికి తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె, చదువులో వెనకబడ్డదే, "నేను వేస్తా మాస్టారూ" అంది. మర్నాడు వాళ్ళ నాన్న బడికి వచ్చాడు. కోపంగా కాదు, ప్రాధేయపడుతూ. "పిల్లకి ముసలమ్మ అని పేరు పడిపోద్ది మాస్టారూ. రేపు పెళ్ళి చెయ్యాల్సిన పిల్ల. కోడలి వేషం ఇవ్వండి, లేపోతే మానిపించండి" అన్నాడు. నేనేదో సర్దిచెప్పబోయాను. ఆ పిల్లే అడ్డుపడి, "కోడలు ఏడవడం తప్ప ఏం చేస్తది నాన్నా, మాటలన్నీ ముసల్దానివే" అంది. ఆయన నవ్వి వెళ్ళిపోయాడు.

నాటిక నాడు ఆ పిల్ల చేసింది చూసి మేము నివ్వెరపోయాం. నేను నేర్పినది ఒక్కటీ చేయలేదు. నడుం వంచి, గొంతు వణికించి, కర్ర పట్టుకోమని నేను చెప్పాను. ఆమె కర్ర పక్కన పడేసి, కాళ్ళు చాపుకు కూర్చుని, ఒక మోకాలిని అరచేత్తో రుద్దుకుంటూ, ఎదుటివాళ్ళ కేసి చూడకుండా మాట్లాడింది. మోకాళ్ళ నొప్పులున్న ముసలివాళ్ళు అలాగే మాట్లాడతారని అప్పుడు తట్టింది. ముందు వరసలో చాప మీద కూర్చున్న వాళ్ళ నాయనమ్మ, "నీ దుంప తెగ, నా మాటలన్నీ ఎత్తుకుపోయావే!" అని పెద్దగా అరిచింది. జనం వేదికను వదిలేసి ఆవిడను చూశారు. తండ్రి భయపడినంతా జరిగింది. బడి విడిచేదాకా ఆ అమ్మాయిని అందరూ 'ముసలమ్మా' అనే పిలిచారు. పలికేది కూడా.

నిర్మలమ్మగారు కూడా అలా ఎందరి మాటలు ఎత్తుకొచ్చి ఉంటారో! బందరు అరుగుల మీద, రేవు దగ్గర, వడియాలు పెట్టే డాబాల మీద విన్నవన్నీ మద్రాసుకు మూటగట్టుకుపోయి, అక్కడి స్టూడియో దీపాల కింద విప్పారనుకుంటాను. రచయిత రాసిచ్చిన మాటకు ముందో వెనకో ఒక 'ఓసినీ', ఒక 'నాయనా' చేరితే గాని అది ఇంటి మాట కాదు. ఆ చేర్పు ఏ సంభాషణల ప్రతిలోనూ ఉండదు.

ఆమె 2009 ఫిబ్రవరి 19న హైదరాబాదులో కన్నుమూశారు. వందల చిత్రాల్లో నటించిన మనిషి. మర్నాటి పత్రికల్లో దాదాపు అందరూ ఆమెను 'బామ్మ' అనే రాశారు. అలా రాయడం ప్రేమతోనే. రుక్మిణి చెలికత్తెగా ఆమె ఎలా ఉండేదో చూడాలని నాకు కోరిక. ఆ చిత్రంలో సత్యభామ వేసిన భానుమతిగారిని గురించి రాసిన పుస్తకాలు నా దగ్గర ఉన్నాయి. పక్కన నిలబడ్డ ఆ పిల్ల ఛాయాచిత్రం ఎవరి దగ్గరైనా, ఏ పాత పాటల పుస్తకం అట్ట మీదైనా ఉంటే నాకు చూపించగలరా?