దిబ్బల చుట్టూ ఊళ్లున్నాయి

విశాఖపట్నం నుంచి భీమిలి వైపు బీచ్ రోడ్డు మీద సాగితే రుషికొండ, తొట్లకొండ, మంగమారిపేట ఒక్కొక్కటిగా వెనకబడతాయి. ఆ తర్వాత నేల రంగు మారుతుంది. పక్కనే సముద్రం తెల్లటి నురగ కక్కుతుంటే, ఇటుక రంగు మట్టి గుట్టలు గుట్టలుగా లేచి, వానకు కోసుకుపోయిన లోతైన గండ్లతో నిలబడి ఉంటుంది. ఇవే ఎర్రమట్టి దిబ్బలు. తీరం వెంట సుమారు ఐదు కిలోమీటర్ల పొడవునా ఉన్నాయి. వెడల్పు కొన్నిచోట్ల రెండు వందల మీటర్లే, మరికొన్నిచోట్ల రెండు కిలోమీటర్ల దాకా. దక్షిణాసియాలో ఇలాంటివి ఇంకెక్కడైనా ఉన్నాయంటే తమిళనాడు దక్షిణ తీరంలోని తేరి నేలలు, ఆపైన శ్రీలంక.

సుమారు ఇరవై వేల ఏళ్ల కిందట భూమి మీద మంచు విపరీతంగా పేరుకుని సముద్రమట్టం ఇప్పటికన్నా 120 మీటర్ల దాకా దిగిపోయింది. సముద్రం వెనక్కి తగ్గిన చోట బయటపడ్డ ఇసుకను గాలి ఎత్తుకొచ్చి ఒడ్డున పోసింది. తూర్పు కనుమల ఖోండలైట్ రాళ్లు అరిగి, గెడ్డల, అంటే వాగుల వెంట కిందికి దిగిన రేణువులూ అందులో కలిశాయి. వాటిలోని ఇనుము వేల ఏళ్లు గాలీ నీరూ తగిలి తుప్పుపట్టి, ఒక్కో ఇసుక రేణువుకూ ఎర్రటి పూత వేసింది. ఆ పూత, కాస్త బంకమట్టి కలిసి ఈ దిబ్బలను నిలబెట్టాయి. సముద్రం మళ్లీ అంత వెనక్కి పోతే తప్ప ఇవాళ తవ్వేసిన దిబ్బ తిరిగి పేరుకోదు. అందుకే ఇక్కడ ఒక్క లారీ మట్టి పోయినా నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

భారత భూవిజ్ఞాన సర్వే అధికారి విలియం కింగ్ 1886లోనే వీటి గురించి రాశాడు. అదే సంస్థ 2014లో వీటిని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించింది. 2025 సెప్టెంబరులో తిరుమల కొండలతో పాటు యునెస్కో తాత్కాలిక జాబితాకూ ఎక్కాయి. కానీ మన దేశంలో భూవారసత్వానికంటూ ప్రత్యేక చట్టం లేదు. 2022లో ముసాయిదా బిల్లు ఒకటి తయారైంది, అది ముసాయిదాగానే ఉంది. పైగా కాపాడాల్సిన స్థలంగా హద్దులు గీసింది దిబ్బల్లో కొంత మేరకే. ఆ గీత అవతల కూడా మట్టి ఎర్రగానే ఉంది, గెడ్డలు అలాగే పారుతున్నాయి. వాన నీటికి మన గీతతో పనిలేదు. పైన చదును చేస్తే కింద గండి పడుతుంది.

2024 జులైలో జరిగింది అదే. దశాబ్దాల కిందట ఒక గృహనిర్మాణ సంఘానికి కేటాయించిన భూమిలో యంత్రాలు దిగి చదును మొదలుపెట్టాయి. ఆ దృశ్యాలు బయటికొచ్చి నగరంలో గగ్గోలు పుట్టాక అధికారులు పని ఆపించారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం భూవిజ్ఞానులు, వారసత్వ సంస్థల వాళ్లు, మాజీ అధికారులు ఏళ్ల తరబడి ఉత్తరాలు రాస్తూ ఉండబట్టే ఆ గగ్గోలుకు బలం వచ్చింది. వాళ్లకు ఈ తీరం రుణపడి ఉంది. అయినా వాళ్లలో ఎక్కువమంది ఉండేది నగరంలో. తెల్లారితే దిబ్బలను చూసేది పక్కనే ఉన్న నేరెళ్లవలస, చేపలుప్పాడ మనుషులు.

ఎవరు వాళ్లు? వల సర్దుకుని వేకువన సముద్రం మీదికి పోయే జాలర్లు. ఆ చేపను గంపకెత్తి ఊళ్లలో అమ్మే ఆడవాళ్లు. జీడితోటల్లో గింజలు ఏరేవాళ్లు, తాటిచెట్లు గీసేవాళ్లు. మేకలు తోలుకొచ్చే పిల్లలు. సినిమా షూటింగులు, పెళ్లి ఫొటోలు పెరిగాక టీ బడ్డీ పెట్టుకున్నవాళ్లు. దిబ్బల్లోకి ఇంకిన వాన నీరు మెల్లగా కిందికి దిగుతుంది, ఉప్పునీటిని ఇవతలికి రానివ్వదు. ఊళ్ల బావుల్లో మంచినీళ్లు ఊరడానికి అది ఆసరా. దిబ్బ పోతే ముందు తెలిసేది బావిలో చేద వేసేవాళ్లకే.

చట్టంలో వీళ్లకు చోటు లేదనుకుంటే పొరపాటు. తీరప్రాంత నియంత్రణ నోటిఫికేషన్ ఇసుక దిబ్బలను అత్యంత సున్నితమైన మొదటి శ్రేణిలో పెట్టింది. కలెక్టర్ అధ్యక్షతన జిల్లా కమిటీ ఉండాలనీ, అందులో మత్స్యకారులతో సహా సంప్రదాయ తీరవాసుల ప్రతినిధులు ముగ్గురికి తగ్గకూడదనీ రాసింది. తీరప్రాంత ప్రణాళిక ముసాయిదా మీద బహిరంగ విచారణ జరగాలంది. నన్నడిగితే దిబ్బల రక్షణకు కొత్త బోర్డులకన్నా, ఇనుప కంచెకన్నా ముందు కావలసింది ఆ మూడు కుర్చీల్లో ఎవరు కూర్చున్నారో ప్రతి మత్స్యకార గ్రామానికీ తెలియడం. పేరుకు ముగ్గురిని కూర్చోబెట్టి, ఇంగ్లీషు మ్యాపు పరిచి, సంతకం తీసుకుంటే అది భాగస్వామ్యం కాదు. ఏ గెడ్డ ఎటు మళ్లింది, ఏ దారిన బళ్లు రాత్రిపూట వస్తున్నాయి, మేకల్ని ఎక్కడిదాకా తోలొచ్చు అన్నవి వాళ్లు చెప్తే తప్ప కాగితానికెక్కవు.

ఇది గాల్లో మాట కాదు. ఇదే విశాఖ తీరంలో ఏటా శీతాకాలం చివర ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డెక్కుతాయి. అటవీశాఖ ఆ గుడ్లను పొదిగించే కేంద్రాలు నడుపుతూ, రాత్రిళ్లు తీరమంతా తిరిగి గూళ్లు వెతికే పనికి మత్స్యకారులనే పెట్టుకుంటోంది. ఇసుక మీది జాడ చూసి తల్లి తాబేలు ఎక్కడ ఆగిందో చెప్పగలవాళ్లు వాళ్లే. దిబ్బల దగ్గరా కాపలాకు, సందర్శకులకు దారి చూపడానికి ఆ ఊళ్ల యువకులనే తీసుకోవాలి. షూటింగు రుసుములో కొంత ఆ ఊళ్లకే చెందాలి. జీతమూ బాధ్యతా కలిసి ఇస్తే దిబ్బ మీదికి ఎక్కే జీపును వాళ్లే ఆపుతారు.

ఊరి పని ఊరివాళ్లే చూసుకోవడం భీమిలికి కొత్తేమీ కాదు. 1861లోనే పురపాలక సంఘం ఏర్పడిన పట్నం, ఇప్పుడు మహా విశాఖలో కలిసిపోయింది. పదిహేడో శతాబ్దంలో వర్తకానికొచ్చిన డచ్చివారి సమాధులు ఊళ్లో ఇంకా ఉన్నాయి. వాళ్ల ఆమ్‌స్టర్‌డామ్ నగరం 1853 నుంచి సముద్రపు దిబ్బల్లోని నీళ్లు తాగుతోంది. నీటినీ కరకట్టలనూ చూసుకునే స్థానిక మండళ్లకు అక్కడి జనం ఓట్లేసి సభ్యులను ఎన్నుకుంటారు. మనమూ అంతకన్నా తక్కువతో సరిపెట్టుకోనక్కర్లేదు.

ఒత్తిడి మాత్రం రోజురోజుకూ పెరుగుతోంది. ఉత్తరాన భోగాపురం విమానాశ్రయం పేరు చెప్పి ఈ దారి పొడవునా భూమి ధర ఎగబాకింది. యునెస్కో తుది దరఖాస్తుకు నిర్వహణ ప్రణాళిక ఎలాగూ జతచేయాలి. దాన్ని రాసేవాళ్లు నగరంలోని హోటల్ హాల్లో కాకుండా నేరెళ్లవలసలో, తెలుగులో సభ పెట్టాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మర పడవలకు వేట నిషేధం కాబట్టి ఆ రెండు నెలల్లో పెడితే చాలామంది మత్స్యకారులు ఊళ్లో దొరుకుతారు. జీడి కోత కూడా అప్పుడే గనక పగలు వద్దు, సాయంత్రం పెట్టాలి. చేపలమ్మే ఆడవాళ్లు తిరిగొచ్చేదీ ఆ వేళకే.